అవ్వ కాటుక, కావలూరు నక్షత్రం: ప్లాస్మాలో మసి పెరిగిన కథ

ఈ ఎపిసోడ్‌లో రాజులు లేరు, యుద్ధాలు లేవు. ఈ రోజు చెప్పుకునేది మసి చరిత్ర. అవును, గిన్నె అడుగున అంటుకునే మసే. కాకపోతే ఈ మసి మా ఊర్లో మొదలై ఎక్కడెక్కడో తిరుగుతుంది, కొంచెం ఓపిక పట్టండి.

మా అవ్వది పాకాల పక్కన పల్లె. ఇంట్లో చంటిబిడ్డ ఉందంటే కాటుక అవ్వే పట్టేది. మూడు ఇటుకలు నిలబెట్టి, మధ్యలో ఆముదం ప్రమిద పెట్టి, పైన ఇత్తడి పళ్లెం బోర్లించేది. వత్తికి గుంటగలగరాకు రసంలో తడిపి ఎండబెట్టిన గుడ్డ. రాత్రంతా దీపం వెలిగేది. పొద్దున పళ్లెం తిప్పితే నల్లటి మెత్తటి పొడి. గీకి, రెండు చుక్కల ఆముదం కలిపి, భరిణెలో పెట్టేది.

ఒకసారి నేను తెలివి చూపించా. పళ్లెం మంటకి దగ్గరగా ఉంటే మసి ఎక్కువ పడుతుంది కదా అని ఇటుకల్ని అడ్డంగా పడుకోబెట్టేసినా. పొద్దున చూస్తే పళ్లెం నిండా గోధుమరంగు బంక. అవ్వ తిట్టలేదు గానీ ఒక మాట అనింది. "దగ్గరికి దించేస్తే పచ్చిమసి పడతాది నాయనా. మసి కూడా పండాల."

ఆ మాటలో ఎంత సైన్స్ ఉందో నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. నూనె అంటే కార్బన్, హైడ్రోజన్ కలిసిన పదార్థం. మంట వేడికి అది ముక్కలవుతుంది. ఆ ముక్కలు మళ్లీ ఒకదానికొకటి అతుక్కుని ఉంగరాలుగా, ఉంగరాలు కలిసి రేకులుగా, రేకులు కలిసి కంటికి కనపడని చిన్న గోళీలుగా పెరుగుతాయి. మొదట్లో ఆ గోళీల్లో హైడ్రోజన్ ఎక్కువ. అందుకే గోధుమరంగు, అందుకే బంక. మంటలో పైకి వెళ్లేకొద్దీ హైడ్రోజన్ విడిచిపోయి నల్లగా, పొడిగా మారతాయి. అవ్వ పండడం అన్నది దాన్నే. ఇటుకల ఎత్తుతో ఆవిడ మసిలో హైడ్రోజన్ ఎంత ఉండాలో నిర్ణయించేది. ఈ హైడ్రోజన్ సంగతి గుర్తు పెట్టుకోండి, ఈ రోజు కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ఇప్పుడు ప్లాస్మా గురించి రెండు ముక్కలు. రక్తంలో ఉండే ప్లాస్మా వేరే. గ్యాస్‌కి బాగా కరెంటో వేడో తగిలితే అణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడి, విడి ఎలక్ట్రాన్లు, విడి అయాన్లు కలగలిసిన గ్యాస్ అవుతుంది. దానికి 1928లో ఇర్వింగ్ లాంగ్మ్యూర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ప్లాస్మా అని పేరు పెట్టాడు. ట్యూబ్‌లైట్ లోపల వెలిగేది అదే. వెల్డింగ్ షాపులో నీలంగా మెరిసేది అదే. ప్రమిద మంటలో కూడా కొంచెం ఉంటుంది.

మన జిల్లాల్లోనే ప్లాస్మాని చూసే చోటు ఒకటుంది. తిరుపతి నుంచి చిత్తూరుకి హైవే మీద పోతుంటే గాదంకి వస్తుంది. మీలో చాలామందికి టోల్ గేటే గుర్తుంటుంది. అక్కడే జాతీయ వాతావరణ పరిశోధనా సంస్థ ఉంది. 1024 యాంటెనాలు వరసగా నిలబెట్టిన రాడార్, 53 మెగాహెర్ట్జ్ మీద ఆకాశం వైపు చూస్తూ ఉంటుంది. ఉల్క రాలినప్పుడు సుమారు 100 కిలోమీటర్ల ఎత్తులో అది వదిలే ప్లాస్మా గీత నుంచి ఇలాంటి రాడార్లకి ప్రతిధ్వని వస్తుంది. ఉల్క ఆవిరి చల్లబడి అక్కడ కూడా సన్నటి పొగ రేణువులు పుడతాయి. అయితే అందులో ఇనుము, మెగ్నీషియం, సిలికాన్‌దే పెద్ద వాటా. మనకి కావాల్సింది కార్బన్ కాబట్టి ఇంకా పైకి పోదాం.

1795లో ఇంగ్లండ్‌లో ఎడ్వర్డ్ పిగట్ అనే ఆయన ఒక విచిత్రం గమనించాడు. ఉత్తర కిరీటం అనే నక్షత్రమండలంలో ఒక చుక్క ఉన్నట్టుండి మసకబారిపోయింది. దాని పేరు ఆర్ కరోనే బొరియాలిస్. మామూలు రోజుల్లో మంచి చీకట్లో కంటికి లీలగా అందే నక్షత్రం. ఒక్కోసారి కొన్ని వారాల్లోనే వెలుగు వెయ్యి రెట్లకి పైగా పడిపోతుంది. తర్వాత నెలలకో ఏళ్లకో మెల్లగా తేరుకుంటుంది. మళ్లీ ఎప్పుడు పడుతుందో లెక్క లేదు. మిగతా చాలా చంచల నక్షత్రాలకి ఒక పద్ధతి ఉంటుంది, దీనికి అదీ లేదు.

ఎందుకు? 1930లలో ఇటలీకి చెందిన లొరెటా, 1939లో అమెరికన్ జాన్ ఓకీఫ్ చెప్పిన జవాబు వింటే మీకు నవ్వొస్తుంది. దానికి మసి పడుతోంది అన్నారు. ఆ నక్షత్రంలో కార్బన్ ఎక్కువ. అది అప్పుడప్పుడూ గ్యాస్‌ని బయటికి ఊదుతుంది, ఆ గ్యాస్ చల్లబడి కార్బన్ రేణువులు పుడతాయి. ఆ మసి మబ్బు సరిగ్గా మనకీ నక్షత్రానికీ మధ్యలో పుడితే వెలుగు ఆగిపోతుంది. లాంతరు గ్లాసుకి మసి పట్టినట్టు. ఆ వివరణే ఇప్పటికీ నిలబడింది.

ఇక్కడ కథ మళ్లీ మన వైపు వస్తుంది. కుప్పం దాటి తమిళనాడులోకి పోతే జవ్వాది కొండలు. ఆ కొండల్లో కావలూరు అని ఒక ఊరు. వైను బప్పు అనే ఖగోళ శాస్త్రవేత్త దేశంలో మంచి చీకటి చోటు కోసం వెతికి దాన్ని పట్టుకున్నారు. బప్పు పెరిగింది హైదరాబాద్‌లో, వాళ్ల నాన్న నిజామియా అబ్జర్వేటరీలో పని చేసేవారు. కావలూరులో 1968లో 38 సెంటీమీటర్ల చిన్న టెలిస్కోప్‌తో మొదలుపెట్టి, 1972లో ఒక మీటరు టెలిస్కోప్ తెచ్చారు. 2.34 మీటర్ల పెద్దది 1986లో ప్రారంభమయ్యే నాటికి ఆయన లేరు, 1982లోనే పోయారు. ఆ టెలిస్కోప్‌కి, ఆ అబ్జర్వేటరీకి ఇప్పుడు ఆయన పేరే. (తిరుపత్తూరు జిల్లా అని మ్యాప్‌లో చూసి తిరుపతి అనుకోకండి. ఒకసారి నేను అనుకున్నా.)

ఈ కావలూరుని నడిపే బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్‌లో ఎన్. కామేశ్వరరావు గారు ఈ మసి నక్షత్రాల మీద దశాబ్దాలు పని చేశారు. టెక్సస్ విశ్వవిద్యాలయంలోని డేవిడ్ లాంబర్ట్‌తో కలిసి ఈ జాతి నక్షత్రాల గురించి ఆయన రాసిన పరిశోధన పత్రాలు చాలా ఉన్నాయి. ఎప్పుడు మసకేస్తుందో తెలియని నక్షత్రం వెనక పడడం అంటే ఆలోచించండి. మీరు అనుమతి తీసుకుని, టెలిస్కోప్ టైమ్ సంపాదించి, రాత్రంతా మేలుకుంటారు. అది మామూలుగా వెలుగుతూ ఉంటుంది. మీరు ఇంటికి పోయాక మసకేస్తుంది. రీల్ పెట్టి ఐదు నిమిషాల్లో వ్యూస్ చూసుకునే మనకి ఈ పని అర్థం కావడం కష్టమే.

ఈ జాతి నక్షత్రాల్లో ఇంకో వింత ఉంది. విశ్వంలో అన్నిటికంటే ఎక్కువ దొరికేది హైడ్రోజన్. వీటిలో అది దాదాపు లేనట్టే. ఉన్నదంతా హీలియం, తర్వాత కార్బన్. అంటే అవ్వ భాషలో చెప్పాలంటే పచ్చిమసి పుట్టే అవకాశమే లేని పొయ్యి.

దీన్ని ఇక్కడ ఆపి ల్యాబ్‌లోకి పోదాం. 1980ల మొదట్లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో వోల్ఫ్‌గాంగ్ క్రాచ్మర్, అమెరికా నుంచి వచ్చిన డొనాల్డ్ హఫ్‌మన్ కలిసి నక్షత్రాల మసిని భూమ్మీద తయారు చేద్దామనుకున్నారు. హీలియం నింపిన గంట లాంటి గాజు పాత్రలో గ్రాఫైట్ కడ్డీల్లోకి కరెంటు పంపితే కార్బన్ ఆవిరై మసి పడేది. హీలియం పీడనం పెంచినప్పుడు మసి నుంచి వచ్చే కాంతి గ్రాఫులో ఒంటె మూపురాల్లాంటి ఎత్తులు కనిపించాయి. ఏదో మురికి చేరింది అనుకుని పక్కన పెట్టేశారు.

1985లో ఇంగ్లండ్‌కి చెందిన హ్యారీ క్రోటో, అమెరికాలో రిచర్డ్ స్మాలీ, రాబర్ట్ కర్ల్ వేరే ప్రయోగంలో 60 కార్బన్ అణువులు ఫుట్‌బాల్ ఆకారంలో కలిసిన సి-60ని కనిపెట్టారు. అసలు క్రోటో ఆ ప్రయోగానికి దిగిందే కార్బన్ నక్షత్రాల చుట్టూ ఏం జరుగుతుందో తెలుసుకుందామని. ఆ వార్త చూసి హఫ్‌మన్‌కి ఒంటె మూపురాలు గుర్తొచ్చాయి. పాత మసినే మళ్లీ తయారు చేసి, బెంజీన్‌లో కలిపితే ఎర్రటి ద్రావణం వచ్చింది. 1990లో ప్రకటించారు, సి-60ని చేతికి అందేంత పరిమాణంలో తయారు చేసే దారి దొరికింది. నోబెల్ మాత్రం 1996లో క్రోటో, స్మాలీ, కర్ల్‌లకి వచ్చింది. మురికి అని పక్కన పెట్టిన ఆ ఏళ్లు తలుచుకుంటే నాకైతే మనసు చివుక్కుమంటుంది.

ల్యాబ్ వాళ్లకి ఒక వంటకం దొరికిందన్నమాట. కార్బన్ ఆవిరి, చుట్టూ హీలియం, హైడ్రోజన్ కలవకూడదు. హైడ్రోజన్ చేరితే అది కార్బన్ కొసల్ని పట్టుకుని కూర్చుంటుంది, బంతి మూసుకోదు. ఇప్పుడు చెప్పండి, హైడ్రోజన్ లేకుండా హీలియంలో కార్బన్ మసి ఊదే నక్షత్రాలు ఏవి? కామేశ్వరరావు గారి నక్షత్రాలే. ఆకాశంలో సి-60 దొరికితే అక్కడే దొరకాలి.

ఆ సంగతి తేలే లోపు భూమ్మీద మసికి ఇంకో అధ్యాయం నడిచింది. ఇది మీ చేతిలో ఫోన్‌కి సంబంధించింది. మన తిరుపతి జిల్లా శ్రీసిటీలో 2015లో ఫాక్స్‌కాన్ షామీ ఫోన్లు బిగించడం మొదలుపెట్టింది. బిగించడం ఇక్కడే గానీ లోపలి చిప్ బయటి నుంచి వస్తుంది. ఆ చిప్ మీద గీతలు చెక్కేది ప్లాస్మాతోనే. చెక్కేటప్పుడు ధూళి పడితే చిప్ పాడు. అందుకే పనివాళ్లు ఒళ్లంతా కప్పుకుని, గాలిని వడగట్టి, నానా తంటాలు పడతారు. అయినా ధూళి పడుతూనే ఉండేది. 1989లో ఐబీఎంలో గ్యారీ సెల్విన్ బృందం ప్లాస్మా లోపలికి లేజర్ వేసి చూసింది. రేణువులు చిప్ పలకల పైన గాల్లో తేలుతూ కనిపించాయి, మబ్బులు కట్టి. బయటి నుంచి వచ్చిన దుమ్ము కాదది, ప్లాస్మాలోనే పుట్టి పెరుగుతోంది. స్విచ్ ఆపగానే మొత్తం చిప్ మీదికి రాలేది.

ఎలా తేలుతాయి అంటే, ప్లాస్మాలో ఎలక్ట్రాన్లు అందరికంటే వేగం. రేణువు పుట్టగానే వచ్చి దానికి అతుక్కుంటాయి. రేణువుకి నెగటివ్ చార్జ్ వస్తుంది. కింద పలక దగ్గర కూడా నెగటివ్. రెండు నెగటివ్‌లు తోసుకుంటాయి కాబట్టి రేణువు బరువుకి కింద పడదు, గాల్లో ఆగిపోతుంది. ఆగిన చోటే పెరుగుతుంది.

ఫ్యాక్టరీ వాళ్లకి తలనొప్పి అయింది, కొందరికి కొత్త పంట అయింది. 1994లో జపాన్‌లోని క్యోటోలో హయాషి, తచిబానా మీథేన్ గ్యాస్ ప్లాస్మాలో కార్బన్ రేణువుల్ని కావాలనే పెంచారు. అవి తేలుతూ వరసలు కట్టి, ఉప్పు స్ఫటికంలో అణువులు నిలబడినట్టు నిలబడ్డాయి. అదే ఏడాది జర్మనీలో, తైవాన్‌లో కూడా ఇలాంటి ప్లాస్మా స్ఫటికాలు కనిపించాయి. జర్మనీలో బయట కొన్న ప్లాస్టిక్ గోళీలు వేశారు. క్యోటో వాళ్లవి గ్యాస్‌లోంచి అక్కడికక్కడే మొలిచినవి. నాకు క్యోటో ప్రయోగమే ముద్దు.

మీథేనో, వెల్డింగ్ వాళ్లు వాడే ఎసిటిలీనో పంపుతారు. ముందు నానోమీటర్ల సైజులో పిందెలు పుడతాయి. పిందెలు ఒకదానికొకటి అతుక్కుని గుంపులవుతాయి. కొంత సైజు వచ్చాక ఒక్కో గుంపుకి చార్జ్ పెరిగి, ఒకదాన్ని ఒకటి తోసేసుకుంటాయి. అక్కడి నుంచి ఎవరి దారి వాళ్లది, పైపూతలా కార్బన్ చేరి లావవుతాయి. మైక్రోస్కోప్ కింద అచ్చం కాలీఫ్లవర్ లాగా ఉంటాయి. అన్నీ ఒకేసారి పుట్టాయి కాబట్టి సైజు కూడా ఇంచుమించు ఒకటే. మరీ పెద్దవైతే నిలవలేక పక్కకి జారిపోతాయి, ఖాళీ అయిన చోట కొత్త పిందెలు మొదలవుతాయి. ఒక కోత అయ్యాక ఇంకో నాటు.

మీట ఎక్కడ తిప్పితే ఏమొస్తుందో కూడా తెలిసిపోయింది. ప్లాస్మా ఎప్పుడు ఆపితే సైజు అక్కడ ఆగుతుంది. కరెంటు తక్కువగా, నిదానంగా పోతే హైడ్రోజన్ నిండిన మెత్తటి, ప్లాస్టిక్ లాంటి రేణువు. అయాన్లు గట్టిగా కొట్టేలా పెడితే హైడ్రోజన్ ఊడిపోయి గట్టి రేణువు. మా అవ్వ ఇటుకలు నిలబెట్టడం, నేను పడుకోబెట్టడం, అదే సంగతి. గ్యాస్‌లో నత్రజని కలిపితే ఇంకో రకం. ఆ గోధుమరంగు పొడికి 1979లో కార్ల్ సాగన్, బిషున్ ఖరే థోలిన్ అని పేరు పెట్టారు. శని చుట్టూ తిరిగే టైటాన్ మీద నారింజ పొగమంచు అలాంటిదే.

ఇక హైడ్రోజన్ మీటని ఆ చివరికంటా తిప్పేస్తే? అంటే మీథేన్ ఒక శాతం, మిగతా అంతా హైడ్రోజన్. మసి రావాలి కదా. రాదు, వజ్రం వస్తుంది! 1980ల మొదట్లో జపాన్‌లోని సుకుబాలో ఒక ప్రభుత్వ పరిశోధనశాల వాళ్లు మైక్రోవేవ్ ప్లాస్మాతో చేసి చూపించారు. విడి హైడ్రోజన్ అణువులు మెత్తటి మసిని పుట్టింది పుట్టినట్టే తినేస్తాయి, గట్టిగా అల్లుకున్న వజ్రాన్ని మాత్రం పెద్దగా కదపలేవు. కలుపు తీసినట్టు. బోరాన్ కొంచెం వేస్తే నీలం వజ్రం, నత్రజని చేరితే పసుపు.

ఇది రాయలసీమ వాళ్లకి నవ్వులాట విషయం కాదండి. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు పొలాల్లో వజ్రాల వేటకి జనం కూలి పనులు మానుకుని పోతారు. పిల్లల్ని వెంటేసుకుని, చెట్ల కింద వంట చేసుకుంటూ, రోజుల తరబడి తల వంచి నేలనే చూస్తూ నడుస్తారు. ఒక్క రాయి దొరికితే అప్పు తీరుతుంది. అదే కార్బన్ ఇప్పుడు గ్యాస్ డబ్బాలోంచి కొన్ని వారాల్లో పెరుగుతోంది. 2023 బడ్జెట్ తర్వాత మద్రాస్ ఐఐటీకి ఈ ల్యాబ్ వజ్రాల కేంద్రం కోసం ఐదేళ్లకి 242 కోట్లు ఇచ్చారు. ల్యాబ్ వజ్రాల ధరలు ఇప్పటికే బాగా దిగిపోయాయి. నేల వజ్రం విలువ దాని అరుదుతనంలో ఉంది కాబట్టి వేట ఆగదు అంటారు కొందరు. నేను అంత ధీమాగా చెప్పలేను. పొలంలో రాయి దొరికిన మనిషికి వ్యాపారి పక్కన కూర్చుని "ల్యాబ్‌ది ఇంతకే వస్తోంది కదా" అని బేరం తగ్గిస్తే, ఎదురు చెప్పే సమాచారం ఆ మనిషి దగ్గర ఉంటుందా?

సరే, ఆకాశంలో వదిలేసిన లెక్క ఒకటి ఉంది. 2010లో యాన్ కామి బృందం స్పిట్జర్ అంతరిక్ష టెలిస్కోప్ సమాచారంలో, చనిపోతున్న ఒక నక్షత్రం విడిచిన మబ్బులో సి-60 గుర్తులు పట్టుకుంది. 17.4, 18.9 మైక్రాన్ల దగ్గర స్పష్టంగా. ఇక మసి నక్షత్రాలదే వంతు. గార్సియా-హెర్నాండెజ్, కామేశ్వరరావు, లాంబర్ట్ ముగ్గురూ స్పిట్జర్ చూసిన ఈ జాతి నక్షత్రాల్ని వరసపెట్టి పరిశీలించి 2011లో ఫలితం ప్రకటించారు.

దాదాపు వేటిలోనూ సి-60 లేదు.

ల్యాబ్ వంటకం ప్రకారం తప్పకుండా ఉండాల్సిన చోట లేదు. రెండిటి దగ్గర మాత్రం జాడ కనిపించింది. డివై సెంటారీలో ఉంది, వి854 సెంటారీలో ఉండొచ్చు. ఆ రెండిటి ప్రత్యేకత ఏంటో తెలుసా? ఈ జాతిలో హైడ్రోజన్ అన్నిటికంటే ఎక్కువగా మిగిలి ఉన్నవి అవే. అంటే ల్యాబ్‌లో ఏది కలవకూడదని అన్నారో అది ఉన్న చోటే బంతి దొరికింది.

దీనికి వాళ్లు ఒక ఊహ చెప్పారు, ఊహ అనే చెప్పారు. నక్షత్రం దగ్గర సి-60 నేరుగా కార్బన్ ఆవిరి నుంచి అల్లుకోకపోవచ్చు. ముందు హైడ్రోజన్ కలిసిన కార్బన్ రేణువులు పుడతాయి, తర్వాత అవి చితికిపోయినప్పుడు లోపలి నుంచి బంతులు బయటపడతాయి. హైడ్రోజన్ కలిసిన కార్బన్ రేణువు అంటే ఏంటి? మీథేన్, ఎసిటిలీన్ ప్లాస్మాలో మొలిచే మెత్తటి రేణువు ఆ కుటుంబానిదే. నా ఇత్తడి పళ్లెం మీద పడిన గోధుమరంగు బంక కూడా దానికి దూరపు చుట్టమే. అవ్వ గీకి పారేసిన పచ్చిమసికి ఆకాశంలో ఆ పని ఉందన్నమాట.

ఆర్ కరోనే బొరియాలిస్‌ని మీరూ చూడొచ్చు. ఏప్రిల్ నుంచి జూన్ లోపు, రాత్రి తొమ్మిది, పది దాటాక, తిరుపతి లైట్లకి కొంచెం దూరంగా పోండి. నారింజరంగులో మెరిసే స్వాతి నక్షత్రం పట్టుకోండి. అక్కడి నుంచి ఈశాన్యంగా అభిజిత్ వైపు చూపు జరిపితే, దారిలో సగం కూడా పోకముందే అరగిన్నె ఆకారంలో చుక్కలు కనిపిస్తాయి. ఆ గిన్నె లోపల బైనాక్యులర్‌తో వెతకండి. 2007లో అది మసకేసి ఏళ్ల తరబడి తేరుకోలేదు. మీరు చూసిన రాత్రి అక్కడ చుక్క లేకపోతే, మళ్లీ మసి పట్టిందన్నమాట.